కంచెకి రోజా మొక్కలు కొనేవాళ్లు జాగ్రత్త: పువ్వు కాదు, అంటు చూడండి

నెల్లూరు, ఒంగోలు వీధుల్లో ట్రాలీ ఆటోల మీద కడియం మొక్కలని చెప్పి అమ్మే రోజాల్ని గోడవారగా కంచె వేద్దామని పదీ పదిహేను ఒకేసారి కొనకండి. ముందు ఒక్కటి కొని, కవరు కోసి చూడండి.

కాండం మొదట్లో ముడిలా ఉబ్బి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి ఉండేదే అంటు. దానిపైన మనకి కావలసిన రకం, కింద వేరు మొక్క. ఈ ఆటో మొక్కల్లో కొన్నిటికి పైకొమ్మకి రెండు పూలుంటాయి గానీ, గుబురంతా అంటు కిందనుంచి లేచిన కొమ్మలదే. సారమంతా అవే లాగేసుకుంటాయి, పైరకం ఎండిపోతుంది. పూల కోసం పెంచే రకాలకి ఎక్కువగా ఐదాకుల రెమ్మ, వేరు మొక్కకి ఏడు, తొమ్మిది. కొన్ని మంచి రకాలకీ ఏడుంటాయి కాబట్టి ఆకుల లెక్కనే నమ్మొద్దు. కొమ్మ ఎక్కడ పుట్టిందో వేలితో తడిమి చూడండి.

రెండో మోసం మన్నులో. జిగట ఎర్రమన్ను ముద్ద చేసి వేళ్ల చుట్టూ కుక్కేస్తారు. ఎండితే అది ఇటుకే. పోసిన నీళ్లు పక్కలకి జారిపోయి, గుంత తడిగా ఉన్నా లోపలి వేరు మాడుతుంది. ముద్దని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, అంచుల మన్ను మాత్రం మెల్లగా వదిలించి నాటండి. కొన్నిటికి అసలు వేరే ఉండదు, కొమ్మ గుచ్చి ఇచ్చేస్తారు. మెల్లగా పైకి లాగితే కదిలిందా, తిరిగి ఇచ్చేయండి.

ముప్పై అడుగుల గోడకి రెండడుగుల ఎడంతో 15 మొక్కలు చాలు. అడుగున్నర గుంత, మన్నులో మూడోవంతు మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి. అంటు నేలకి అంగుళం పైనే ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ కోసెయ్యండి, వదిలేస్తే కాండం లావయ్యేకొద్దీ బిగుసుకుపోతుంది. నిటారుగా పోయే కొమ్మల్ని పక్కకి వంచి గోడవెంట కట్టండి. అప్పుడే కణుపు కణుపుకీ చిగురేసి కిందనుంచే గుబురెక్కుతుంది.

మార్చి దాటాక కొనొద్దు, మన ఎండలకి కొత్త వేరు ఆగదు. వానలు వెనకబట్టాక డిసెంబరు, జనవరి మంచిది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి, మంచినీళ్లే పోయండి.

ఇప్పటికే నాటేసుంటే, అంటు కింద మొలిచిన కొమ్మల్ని కత్తిరించకండి, ఆ మోడులోంచి మళ్లీ నాలుగు లేస్తాయి. మన్ను పక్కకి తీసి, పుట్టిన చోట పట్టుకుని ఊడబీకెయ్యండి.