నడక నేర్చిన పాపతో సముద్రయానం: తిరుపతి నుంచి చెన్నై ఓడరేవు మీదుగా మా అనుభవాలు

నడక వచ్చి, మాటలు ఇంకా పూర్తిగా రాని పిల్లను తీసుకుని ఓడ ప్రయాణం చేయవచ్చా అని మా బంధువులలో చాలామంది అడుగుతున్నారు. తప్పకుండా చేయవచ్చు. అయితే ఓడలో ఎన్ని అంతస్తులున్నాయి, ఎన్ని ప్రదర్శనలున్నాయి అనే లెక్కను పక్కన పెట్టి, పాప ఎక్కడ పడుకుంటుంది, ఏ వేళకు ఏమి తింటుంది, ఎక్కడ భయం లేకుండా నడుస్తుంది అనే మూడు విషయాలను బట్టి యాత్రను ఎంచుకోవాలి. మా అత్తగారు, మామగారు, మా వారు, నేను, ఇంకా రెండేళ్లు నిండని మా పాప కలిసి చెన్నైలో ఓడ ఎక్కి, విశాఖపట్నం, పుదుచ్చేరి చూసి తిరిగి చెన్నైలో దిగాము. ఆ ప్రయాణంలో ఏది పిల్లకు సుఖంగా ఉంది, ఏది డబ్బుకు తగినది కాదు అన్నది వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాలం గురించి చెప్పాలి. ముంబయి వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉండే నైరుతి రుతుపవనాల నెలల్లోనే తూర్పు తీరంలో ఇటువంటి యాత్రలు ఎక్కువగా సాగుతున్నాయి. ఆ నెలల్లో బంగాళాఖాతం పూర్తిగా ప్రశాంతంగా ఉంటుందని కాదు, ఓడ కొంత ఊగుతూనే ఉంటుంది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇక్కడ తుపానుల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచెత్తి బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. చిన్న పిల్లలున్నవారు ఆ మూడు నెలలను వదిలివేయడమే మంచిది.

తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 140 కిలోమీటర్లు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో వెళ్లవచ్చు, లేదా రేణిగుంట, అరక్కోణం మీదుగా రైలులో వెళ్లవచ్చు. చిత్తూరు వారికి రాణిపేట, కాంచీపురం వైపు రహదారి అనుకూలం. పిల్లలు పెట్టెలో అటూ ఇటూ నడవడానికి వీలుంటుంది కనుక వెళ్లేటప్పుడు మేము రైలునే ఎంచుకున్నాము, ఆ నిర్ణయం పాపకు బాగా కలిసివచ్చింది. సెంట్రల్ స్టేషను నుంచి ఓడరేవు దగ్గరే. ఓడ ఎక్కే రోజునే ఇంటి నుంచి బయలుదేరితే ఏ రైలు ఆలస్యమవుతుందో అన్న ఆందోళన ఉంటుంది కనుక, ముందు రోజు సాయంత్రమే చేరి రాత్రి చెన్నైలో బస చేశాము. ఓడరేవుకు మరీ దగ్గరగా ఉన్న వీధులలో రాత్రంతా లారీల రాకపోకలు ఉంటాయి. మేము దిగిన వసతి గృహంలో వేడినీళ్లు ఉంటాయని ఫోనులో చెప్పి, తీరా వెళ్లాక ఉదయం ఒక గంట సేపే వస్తాయని అన్నారు, పాప పాల సీసాలు కడగడానికి కింద ఉన్న టీ దుకాణాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. ఎగ్మూరు వైపు, లోపలి వీధిలో ఉన్న కుటుంబ హోటలుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు, ఎందుకంటే ఆ రాత్రి నిద్ర చెడితే మరునాడు ఓడ ఎక్కే వరుసలో పిల్లను ఓదార్చడం చాలా కష్టమవుతుంది.

దేశంలోని రేవుల మధ్య తిరిగే ఓడకు పాస్‌పోర్టు అవసరం లేదు. పెద్దలకు ఆధార్ వంటి గుర్తింపు కార్డు, పాపకు నీలిరంగు బాల ఆధార్, జనన ధ్రువపత్రం తీసుకువెళ్లాము. చెన్నై నుంచి శ్రీలంకకు కూడా 2023 జూన్ నుంచి ఓడ యాత్రలు మొదలయ్యాయి, కానీ వాటికి చంటిబిడ్డకు సైతం సొంత పాస్‌పోర్టు ఉండాలి. సాధారణంగా ఓడల సంస్థలు ఆరు నెలల లోపు శిశువులను, 24 వారాలు నిండిన గర్భిణులను అనుమతించవు. టికెట్టు కొనేటప్పుడే ఈ నిబంధనలను చదివి చూసుకోవాలి. మాకు టికెట్లు ఇప్పించిన ఏజెంటు వినోదాల గురించి ఎంతో చెప్పారు గాని, చిన్నపిల్లల మంచం ముందే అడిగి పెట్టించుకోవాలన్న ముఖ్యమైన మాట చెప్పలేదు. అటువంటి మంచాలు ఓడలో కొన్నే ఉంటాయి, ముందుగా అడిగినవారికే దొరుకుతాయి. మన ఇళ్లలో చీర ఉయ్యాలకు అలవాటు పడిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఓడ గదిలో ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉండదు, కట్టనివ్వరు కూడా. బయలుదేరడానికి కొన్ని వారాల ముందు నుంచే పాపను మంచం మీద పడుకోబెట్టడం మా అత్తగారు అలవాటు చేశారు, అందువల్ల ఓడలో రాత్రులు సాఫీగా గడిచాయి.

రేవులో పెద్ద సామాను తీసుకుని దానికి చీటీ కట్టి పంపిస్తారు, అది గదికి చేరేసరికి చాలా గంటలు పడుతుంది. కాబట్టి డైపర్లు, పాలపొడి, రెండు జతల బట్టలు, జ్వరం మందు, ఒక పలుచని దుప్పటి చేతి సంచిలోనే ఉండాలి. తిరుమలలో ఏడాది లోపు బిడ్డల తల్లిదండ్రులకు సుపథం ద్వారా దర్శనం ఉన్నట్లు ఇక్కడ వేరే దారి ఏదీ కనిపించలేదు, కానీ చంటిపిల్ల ఉందని చెప్పగానే సిబ్బంది మమ్మల్ని వరుస ముందుకు పంపించారు. అడగడానికి మొహమాటపడకూడదు.

గది విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పిల్లలున్నవారు బాల్కనీ గది కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. బాల్కనీలో కుర్చీ ఉంటుంది, నడక నేర్చిన పిల్ల మొట్టమొదట ఎక్కేది ఆ కుర్చీనే, ఆ పక్కనే కటకటాలు, అవతల సముద్రం, కాబట్టి తలుపు తాళం మీద నుంచి చూపు మరల్చలేము. కిటికీ లేని లోపలి గది చవక, పగలు కూడా చీకటిగా ఉండడం వల్ల మధ్యాహ్నం నిద్రకు అనుకూలం, అయితే పెద్దలకు కొంత ఊపిరాడనట్లు ఉంటుంది. సముద్రం కనిపించే, తెరవడానికి వీలులేని కిటికీ ఉన్న గదిని మేము తీసుకున్నాము, పాపకు అన్నం తినిపించడానికి ఆ కిటికీ ఎంతో ఉపయోగపడింది. ఏ రకం గది అయినా ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో ఉండేలా చూసుకోవాలి, ఊపు తక్కువగా తెలిసేది అక్కడే. మా అత్తమామలకు ఎదురుగానే గది దొరికింది, సాయంత్రం పాపను వారి దగ్గర ఉంచి మేము కొంతసేపు బయటకు వెళ్లగలిగామంటే అందుకు కారణం అదే.

గదిలో జాగ్రత్త పడవలసినవి మూడున్నాయి. స్నానాల గదికి ఎత్తయిన గడప ఉంటుంది, పాప దానికి తట్టుకుని రెండుసార్లు పడింది. తలుపులు చాలా బరువైనవి, వాటంతట అవే మూసుకుంటాయి కనుక చిన్న వేళ్లు నలిగే ప్రమాదం ఉంది. ఇక స్నానానికి జల్లు స్నానమే గాని బకెట్టు, చెంబు ఉండవు. గాలి ఊదే చిన్న తొట్టి, ప్లాస్టిక్ చెంబు ఇంటి నుంచే తీసుకువెళ్లినందువల్ల పాప అలవాటైన పద్ధతిలో స్నానం చేసింది. ఏసీ చలి ఎక్కువ, మేజోళ్లు తప్పనిసరి.

ఓడ కదలడానికి ముందు అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదం జరిగితే ఏ పడవ దగ్గరకు చేరాలో నేర్పిస్తారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ ప్రమాదం తర్వాత ఈ అభ్యాసం ఓడ బయలుదేరడానికి ముందే, లేదా బయలుదేరిన వెంటనే జరగాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. ఆ హెచ్చరిక కూత చాలా బిగ్గరగా ఉంటుంది, చెవులు మూసి ఎత్తుకుని ఉన్నా మా పాప హడలిపోయి ఏడ్చింది. అయినా దానిని తప్పించుకోవాలని చూడకూడదు. ముఖ్యంగా గదిలో ఉన్న లైఫ్ జాకెట్లు పెద్దలవి మాత్రమే, పసిపిల్లలవి వేరుగా అడిగి తీసుకోవాలి. 24 గంటలకు మించిన ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ తగిన జాకెట్ ఉండాలన్నది నిబంధన. మేము అడిగిన వెంటనే తెచ్చి ఇచ్చి, తొడిగి చూపించారు కూడా.

తిండి విషయంలో నేను భయపడినంత ఇబ్బంది కలగలేదు. శాకాహారం విడిగా, సమృద్ధిగా ఉంది. కారం లేని పప్పు, మెత్తగా ఉడికిన అన్నం, పెరుగు కావాలని మొదటి పూటే వంటవారితో చెప్పుకుంటే తర్వాత ప్రతి పూటా వారే గుర్తుంచుకుని ఇచ్చారు. ఇంట్లో వండిన పదార్థాలను ఓడలోకి సాధారణంగా అనుమతించరు, మూత తీయని శిశు ఆహారానికి అభ్యంతరం ఉండదు. గదిలోకి సొంత కెటిల్, ఎలక్ట్రిక్ కుక్కర్ వంటివి నిషిద్ధం, అగ్నిప్రమాద భయమే అందుకు కారణం, కాబట్టి ఫ్లాస్కు ఒకటి వెంట ఉంచుకుని గది చూసే సిబ్బంది చేత వేడినీళ్లు నింపించుకున్నాము. రాత్రి భోజనానికి రెండు విడతలుంటే మొదటి విడతనే కోరుకోవాలి. రెండవ విడతకు పిల్లలు నిద్రకు తూగుతూ ఉంటారు, తల్లికి అన్నం గొంతు దిగదు. బఫే దగ్గర సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం మరువకూడదు, ఎందుకంటే ఓడలలో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద చేతులకు రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు.

ఓడ ఊపుకు వాంతులవుతాయేమోనని అందరికీ భయం. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ బాధ చాలా అరుదు, ఆ తర్వాతి వయసులోనే ఎక్కువ. మా విషయంలో పాప హాయిగా ఆడుకుంది, మామగారే ఒక పూట పడుకుని ఉన్నారు. పెద్దలు వేసుకునే మాత్రలను మాత్రం పిల్లలకు విరిచి ఇవ్వకూడదు, ముందుగానే పిల్లల వైద్యుని అడిగి, బరువుకు తగిన మోతాదు రాయించుకుని వెళ్లాలి. ఓడలో వైద్యుడు ఉంటాడు గాని, చూపించుకుంటే రుసుము వేరుగా చెల్లించాలి.

పిల్లల కోసమని ప్రకటించే సదుపాయాలలో ఎక్కువ భాగం మూడేళ్లు దాటిన వారికే. డైపరు వేసుకునే పిల్లలను ఈతకొలనులోకి రానివ్వరు, నీటి శుభ్రత దృష్ట్యా చాలా ఓడలలో ఇదే పద్ధతి. ఆటగదిలో తల్లిదండ్రులు పక్కనే కూర్చోవాలి. రాత్రి ప్రదర్శనల శబ్దం పసి చెవులకు తగదు. వీటికోసమే టికెట్టు కొనదలిచినవారు పిల్లకు మూడేళ్లు నిండే వరకు ఆగాలి. మా పాప సంతోషమంతా పొడవైన వరండాలలో పరుగులు తీయడంలో, లిఫ్టులో ఎక్కి దిగడంలో, ఉదయం ఏడు గంటల లోపు ఖాళీగా ఉన్న పై డెక్కు మీద తాతయ్య చేయి పట్టుకుని నడవడంలో ఉంది. ఎండెక్కిన తర్వాత పైకి తీసుకుపోలేదు. ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తిరుమలలో పాప పుట్టు వెంట్రుకలు తీయించాము. గుండు మీద సముద్రపు ఎండ తగిలితే లేత చర్మం త్వరగా కందిపోతుంది కనుక, గడ్డం కింద ముడివేసే నూలు టోపీ ఎప్పుడూ తలమీదే ఉంచాము. మొక్కు తీర్చుకుని అటునుంచే యాత్రకు వెళ్లాలనుకునే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విశాఖపట్నంలో ఓడ నేరుగా గట్టుకు ఆగుతుంది. 2023 సెప్టెంబరులో ప్రారంభించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ విశాలంగా, శుభ్రంగా ఉంది. అక్కడి నుంచి ఆర్‌కే బీచికి వెళ్లి కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూశాము. 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామి పెద్దలకు అద్భుతం, పిల్లను ఎత్తుకుని ఆ ఇరుకు ద్వారాలు దాటడం మాత్రం కష్టం. మేము వంతులవారీగా లోపలికి వెళ్లాము. సింహాచలం కూడా చూడాలని అత్తగారు ఆశపడ్డారు గాని, కొండకు పోయి దర్శనం చేసుకుని ఓడ వేళకు తిరిగి రావడం చంటిపిల్లతో సాగే పని కాదని మానుకున్నాము. ఆలస్యమైన ప్రయాణికుల కోసం ఓడ ఆగదు.

పుదుచ్చేరి పరిస్థితి వేరు. అక్కడ ఓడ సముద్రంలోనే లంగరు వేస్తే, చిన్న పడవలలో ఒడ్డుకు చేరుస్తారు. ఓడా పడవా రెండూ అలలకు ఊగుతూ ఉండగా మధ్యనున్న మెట్టు దాటాలి. మా వారు, మామగారు వెళ్లి, సముద్రతీర వీధి, మణక్కుళ వినాయకుని గుడి చూసి వచ్చారు. నేను, అత్తగారు పాపతో ఓడలోనే ఉండిపోయాము, మొత్తం యాత్రలో అన్నిటికన్నా హాయిగా గడిచిన పూట అదే. అందరూ దిగిపోవడంతో బఫే ఖాళీ, ఆటగది ఖాళీ, లిఫ్టుల దగ్గర వేచి ఉండే పని లేదు. పాప తన ఇష్టం వచ్చినట్లు తిరిగింది, మధ్యాహ్నం తన వేళకు తాను నిద్రపోయింది. పుదుచ్చేరి మనకు కారులో పోదగిన ఊరే, దానికోసం పిల్లను ఆ పడవ ఎక్కించనవసరం లేదు.

ఖర్చు విషయానికి వస్తే, టికెట్టులో గది, సాధారణ భోజనం ఉంటాయి. ఇంటర్నెట్, బట్టల ఉతుకు, ప్రత్యేక పానీయాలు, రేవులలో తిప్పే బస్సులు వేరు. గది కార్డు మీద రాసుకుంటూ పోతారు కనుక రోజూ సాయంత్రం లెక్క అడిగి చూసుకోవడం మంచిది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచకపోతే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుకు తగులుకుని పెద్ద బిల్లు వస్తుంది.

దిగే ముందు రాత్రే సామాను గది బయట పెట్టమంటారు. మరునాటి ఉదయానికి కావలసిన పాలు, డైపర్లు, బట్టలు విడిగా తీసి ఉంచుకోవాలి. చెన్నైలో దిగేసరికి పాప అలసిపోయి ఉంటుందని ఊహించి తిరుగు ప్రయాణానికి ముందుగానే కారు మాట్లాడుకున్నాము, తిరుత్తణిలో ఒకసారి ఆగి పాపకు ఇడ్లీ తినిపించి మధ్యాహ్నానికి తిరుపతి చేరాము. శ్రీలంక యాత్రకు కూడా వెళ్లాలని మామగారికి ఎంతో ఉత్సాహంగా ఉంది. పాపకు మూడేళ్లు నిండి, డైపరు అవసరం తీరి, పాస్‌పోర్టు చేతికి వచ్చిన తర్వాతే ఆ టికెట్లు కొందామని నిర్ణయించుకున్నాము.