ఖర్దుంగ్ లా పరుగు: బస దగ్గర చేసిన తప్పు

సెప్టెంబరులో లద్దాఖ్‌లో జరిగే ఖర్దుంగ్ లా ఛాలెంజ్ పరుగు పందెం దూరం 72 కిలోమీటర్లు. ఖర్దుంగ్ ఊళ్లో బయలుదేరి, ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి, అవతలి వైపు లేహ్ పట్టణంలోకి దిగాలి. దీనికోసం ఆరు నెలల పాటు బూట్లు, సంచులు, పరుగులో శక్తి కోసం తినే జెల్లుల గురించి దొరికిందల్లా చదివాను. బస సంగతి మాత్రం ఫోనులో ఐదు నిమిషాల్లో తేల్చేశాను. అక్కడికి వెళ్లాక గానీ ఆ తప్పు తెలియలేదు.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నర లోపే అక్కడ దిగుతాం, కానీ శరీరం అంత త్వరగా దిగదు. రోడ్డు మీద రావాలనుకునే వారికి శ్రీనగర్ దారే నయం. మధ్యలో సుమారు 2,700 మీటర్ల ఎత్తున్న కార్గిల్‌లో ఒక రాత్రి ఆగవచ్చు. మనాలీ దారి అందమైనదే గానీ, చాలామంది రాత్రి ఆగే సర్చూ లేహ్ కంటే ఎత్తు. పరుగుకు వెళ్లేవారు ఎత్తు తెచ్చే తలనొప్పిని అక్కడి నుంచే మోసుకురావడం ఎందుకు? నేను విమానంలోనే వెళ్లాను, పరుగుకు పన్నెండు రోజుల ముందు. ఆ పన్నెండులో ఒక్కటి కూడా వృథా కాలేదు.

మొదటి బస బజారు నడిబొడ్డున, మూడో అంతస్తులో. నీళ్ల సీసా కోసం కిందికి వెళ్లి వస్తే మంచం మీద కూర్చుని పది నిమిషాలు ఆయాసపడాల్సి వచ్చేది. పైకప్పు మీద హోటలు, కింద జనరేటరు. ‘గదిలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది’ అని ఫోనులో గట్టిగా చెప్పారు. అబద్ధం కాదు, ఉంది. రెండో రాత్రి అనుమానం వచ్చి అడిగితే, దాన్ని తిప్పే తాళం కుర్రాడి దగ్గర ఉందని, కుర్రాడు ఇంటికి వెళ్లాడని చెప్పారు. అదృష్టవశాత్తూ అవసరం పడలేదు. తెల్లారగానే పెట్టె సర్దాను.

లేహ్‌లోనే చాంగ్‌స్పా వైపు కూరగాయల తోట ఉన్న ఒక కుటుంబం ఇంట్లో కింది గది దొరికింది. వేడినీళ్లు బకెట్టు లెక్కన, అదీ ఉదయం మాత్రమే. నెట్ ఓపిక ఉన్నవారికే. అయినా ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో దీన్ని మించి సార్థకమైంది లేదు. ఇంటి పెద్దావిడను అందరిలాగే ‘ఆమా-లే’ (అమ్మగారూ) అన్నాను. ‘ఈ రోజు తోట దాటవద్దు. రేపు కావాలంటే శాంతి స్తూపం మెట్లు ఎక్కు, నడిచే ఎక్కు’ అని హిందీలో తేల్చి చెప్పింది. కోచ్ పంపిన నాలుగు పేజీల పట్టికలో ఉన్నది కూడా ఇదే.

తర్వాతి రోజుల్లో టాక్సీలో కనుమకు లేహ్ వైపున్న చెక్‌పోస్టు సౌత్ పుల్లూ దాకా వెళ్లి, అక్కడ రెండు గంటలు నడిచి, రాత్రికి లేహ్ వచ్చి పడుకునేవాణ్ని. ఎత్తుకు అలవాటుపడాలంటే పైన తిరిగి కింద నిద్రపోవడమే సూత్రం. టాక్సీ ఒంటరిగా మాట్లాడుకుంటే జేబు ఖాళీ. ముగ్గురు రన్నర్లను పోగేసుకోండి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

పరుగు ముందురోజు బస్సుల్లో ఖర్దుంగ్ ఊరికి చేర్చి ఇళ్లలో సర్దుతారు. అది దాదాపు 4,000 మీటర్లు. మా గదిలో కార్పెట్ల మీద ఆరుగురం, ఒక బుఖారీ (గది వేడెక్కించే పొయ్యి). మరుగుదొడ్డి లద్దాఖీ పద్ధతిలో, నీళ్లకు బదులు పారతో మట్టి వేసేది. ఎవరూ నిద్రపోలేదు, పోయినట్టు నటించాం. ఆ ఇంటివాళ్లు అర్ధరాత్రి లేచి ఇచ్చిన వేడి తుక్పాకు (నూడుల్స్ సూపు) మాత్రం వంక పెట్టలేను.

మూడు గంటలకు చీకట్లో బయలుదేరాం. కనుమ దాకా 32 కిలోమీటర్లు దాదాపు ఎక్కుడే. కనుమకు ఇవతలున్న చెక్‌పోస్టు నార్త్ పుల్లూకు ముందే నా సంచిలోని నీటి గొట్టం గడ్డకట్టింది. ఎంత పీల్చినా చుక్క రాలేదు. చొక్కా లోపల పెట్టుకున్న చిన్న సీసాయే కాపాడింది. మీరు మాత్రం గొట్టాన్ని నమ్ముకోవద్దు. దారిలోని ఎయిడ్ స్టేషన్లలో వేడినీళ్లు అందాయి, వైద్యులు కళ్లలోకి చూసి మాట్లాడించి మరీ వదిలారు. ఆ విషయంలో ఏర్పాట్లకు పూర్తి మార్కులు వేస్తాను.

కనుమ మీద ఏళ్ల తరబడి ఉన్న బోర్డు 18,380 అడుగులని చెప్పేది. జీపీఎస్ కొలతల్లో తేలింది 5,359 మీటర్లే, అంటే దాదాపు ఎనిమిది వందల అడుగులు తక్కువ. ఊపిరితిత్తులకు ఈ తేడా తెలియలేదు. అసలు దెబ్బ దిగుడులో తగిలింది. నలభై కిలోమీటర్ల పల్లం తొడలను పిండేసింది, చివరి పది నడకే.

బజారులో పతకం మెడలో వేయించుకుని ఇంటికి చేరేసరికి ఆమా-లే మధ్యాహ్నం పూటే బకెట్టు నిండా నీళ్లు కాచి ఉంచింది. గేటు నుంచి నా గదికి మొత్తం రెండే మెట్లు. వాటిని కూడా గోడ పట్టుకునే ఎక్కాను.