నైట్ సేవా, సోకేజా? మధ్యయుగ ఇంగ్లండులో ఏ భూమి మేలు?
1066లో నార్మన్లు గెలిచాక ఇంగ్లండులో భూమంతా చివరికి రాజుదే. మిగతావాళ్లు ఏదో ఒక షరతు మీద అనుభవించేవాళ్లే. నైట్ (గుర్రపు యోధుడు) సేవ కింద భూమి తీసుకుంటే సాధారణంగా ఏడాదికి 40 రోజులు, భూమి ఇచ్చిన ప్రభువు తరఫున యుద్ధానికి వెళ్లాలి, లేదా స్క్యూటేజ్ అనే పన్ను కట్టాలి. పరువు ఎక్కువే. అసలు టెన్షన్ తండ్రి చనిపోయాక మొదలయ్యేది. కొడుకు మైనరైతే 21 ఏళ్లు నిండేదాకా భూమి ఆదాయం ప్రభువుకే. ఆ పిల్లవాడి పెళ్లి సంబంధం కుదిర్చే హక్కును కూడా ఆయన అమ్ముకోవచ్చు! ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

సోకేజ్ అనే రెండో పద్ధతిలో నిర్ణీత కౌలో, కొంత పొలం పనో ఇస్తే సరిపోయేది. మైనర్ బాధ్యత, ఆ ఆస్తికి వారసుడయ్యే అవకాశం లేని దగ్గరి బంధువుకు అప్పగించేవారు. పిల్లవాడు చనిపోతే ఆ బంధువుకు లాభం ఉండదు కదా, ఎంత ముందుచూపు! హోదా తక్కువైనా కుటుంబానికి ఇదే భద్రమంటాను. 1660లో పార్లమెంటు నైట్ సేవను రద్దుచేసి, ఆ భూములను సోకేజ్‌లోకే మార్చింది.