ఎన్39 కోడ్లు: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో ఉండి అమెరికా యూరాలజీ, ఫ్యామిలీ మెడిసిన్ చార్టులు కోడ్ చేస్తాను, అంటే డాక్టర్ రాసిన జబ్బులను బిల్లింగ్ కోసం కోడ్లుగా మారుస్తాను. ఆ జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎం అక్కడ 2015 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. అందులో మూత్రం ఆపుకోలేని సమస్యకున్న కోడ్లతో ఏళ్ల తరబడి పని చేశాక చెప్తున్నా, కోడ్ల అమరిక చాలా బాగుంది, ఇబ్బందంతా చార్టు రాసే తీరుతోనే.

దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతే స్ట్రెస్, ఎన్39.3. ఉన్నట్టుండి ఆగలేనంతగా వచ్చి బాత్రూమ్ చేరేలోపే పడిపోతే అర్జ్, ఎన్39.41. రెండూ కలిసి ఉంటే ఎన్39.46 ఒక్కటే చాలు. బ్లాడర్ ఖాళీ కాక నిండి కారే ఓవర్‌ఫ్లోకి ఎన్39.490. వీటికి చేసే వైద్యమే వేరు, మూత్రనాళానికి ఆసరాగా పట్టీ వేసే స్లింగ్ ఆపరేషన్ స్ట్రెస్‌కి, బ్లాడర్‌లో బొటాక్స్ అర్జ్‌కి. అందుకే ఏ రకమో చెప్పకుండా "ఇన్‌కాంటినెన్స్" (మూత్రం ఆపుకోలేకపోవడం) అని ఒక్క ముక్క రాసి వదిలేసిన చార్టు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. దానికి రకం చెప్పనివాటికి వాడే ఆర్32 తప్ప దారి లేదు, రేపు స్లింగ్ క్లెయిమ్ దాని మీదే వెళ్తే ఇన్సూరెన్స్ నుంచి డినైయల్ (తిరస్కరణ) వచ్చి, ఆ బిల్లు టెన్షన్ పేషెంట్ నెత్తిన పడొచ్చు.

హిస్టరీలో "దగ్గితే లీక్ అవుతోంది" అని స్పష్టంగా ఉన్నా సరే మనంతట మనం స్ట్రెస్ అని వేయకూడదు, డయాగ్నోసిస్ చెప్పాల్సింది డాక్టరే. డాక్టర్‌కి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పెట్టాలి, అదీ మనకు కావాల్సిన జవాబు వైపు నెట్టకుండా. ఔట్‌పేషెంట్ చార్టులో "ప్రాబబుల్ స్ట్రెస్" అని ఉన్నా అంతే, ఆ కోడ్ వేయడం కుదరదు.

చాలామంది పట్టించుకోనిది ఆర్39.81. డిమెన్షియా వల్లో, మంచం దిగలేని స్థితి వల్లో అదుపు తప్పితే ఫంక్షనల్ అంటారు, దానికిది. ముసలివాళ్ల చార్టుల్లో ఇది చాలా అవసరం, కానీ ఆ కారణం వల్లే అని డాక్టర్ రాసి ఉండాలి.

కోడ్లు వెతికే సాఫ్ట్‌వేర్, మా ఎన్‌కోడర్‌లో "ఇన్‌కాంటినెన్స్" అని కొడితే ముందు ఆర్32 కనిపిస్తుంది, హడావుడిలో అదే నొక్కేస్తారు. కొత్తగా చేరినవాళ్లకు నేను కోడ్లు వరుసగా నోట్స్‌తో ఉండే ట్యాబ్యులర్ లిస్ట్ తెరవమనే చెప్తాను. ఎన్39.3, ఎన్39.4 కింద ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ (మాటిమాటికీ ఆగలేనంతగా మూత్రం వచ్చే సమస్య) కూడా ఉంటే ఎన్32.81 జత చేయమనే నోట్ అక్కడే ఉంటుంది. ఏది ముందు అన్నది ఆ నోట్ చెప్పదు, ఆ విజిట్ దేనికోసమో చూసి పెట్టుకోవాలి.