ఫాగ్ ఆఫ్ వార్, నో ఎండ్ ఇన్ సైట్: ముందు ఏది చూడాలి?

యుద్ధకాలంలో ప్రభుత్వాలు చేసిన తప్పుల మీద మంచి డాక్యుమెంటరీ చెప్పమంటే నేను ఈ రెండే చెబుతాను. రెండూ అమెరికావే. నిడివి రెండు గంటల లోపే.

మాట్లాడేది ఎవరు?
ఫాగ్ ఆఫ్ వార్ (2003): ఒకే మనిషి. వియత్నాం యుద్ధాన్ని నడిపిన రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, 85 ఏళ్ల వయసులో.
నో ఎండ్ ఇన్ సైట్ (2007): ఇరాక్‌లో పనిచేసిన అధికారులు, సైనికులు, విలేకరులు.

తప్పు ఎలా జరిగింది?
మొదటిదాంట్లో వియత్నాం తీరంలో జరిగిన 1964 టోంకిన్ ఘటన కీలకం. ఆగస్టు 4న అమెరికా నౌకలపై జరగని దాడిని జరిగిందని నమ్మి యుద్ధం పెంచారు.
రెండోది ఇంకా వివరంగా చూపిస్తుంది. 2003 మేలో, అమెరికా ఆక్రమించిన ఇరాక్‌లో దాని పాలనాధికారి పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. లక్షల మంది ఆయుధ శిక్షణ ఉన్నవాళ్లు జీతం లేకుండా వీధిన పడ్డారు. అక్కడి పరిస్థితి తెలిసిన అధికారులనే అడగలేదు. ఆ భాగం చూస్తుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

జాగ్రత్త ఎక్కడ?
మెక్‌నమారా మాటకారి. పదవి దిగాక యుద్ధాన్ని ఎందుకు బహిరంగంగా వ్యతిరేకించలేదని అడిగితే జవాబు దాటేస్తారు.
రెండోదాంట్లో అప్పటి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్, ఉపాధ్యక్షుడు చెనీ, బ్రెమర్ ఇంటర్వ్యూ ఇవ్వలేదు. వాళ్ల వైపు వాదన తక్కువ.

శ్రమ?
మొదటిదానికి క్యూబా, వియత్నాం చరిత్ర కొంచెం తెలిసుండాలి. రెండోది తెలియనివాళ్లకూ అర్థమవుతుంది.

పాలనా యంత్రాంగం ఎలా కూలుతుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థులు, పోటీ పరీక్షలవాళ్లు నో ఎండ్ ఇన్ సైట్‌తో మొదలుపెట్టండి. అధికారంలో ఉన్న మనిషి తనకు తాను ఏం చెప్పుకుంటాడో చూడాలంటే ఫాగ్ ఆఫ్ వార్.