గ్రహణం గురించి పిల్లల పుస్తకం: కల్పిత కథా, నేరు వివరణా, జరిగిన కథా?

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు గ్రహణం గురించి పుస్తకం రాద్దామని కూర్చుంటే మూడు దారులు కనిపిస్తాయి. సూర్యుడికీ చందమామకీ మాటలొచ్చినట్టు కల్పించి కథ అల్లడం ఒకటి, ఉన్నదున్నట్టు బొమ్మలతో వివరించడం ఇంకోటి, మనుషులు ఈ సంగతి ఎలా తెలుసుకున్నారో నిజంగా జరిగింది చెప్పడం మూడోది. పిల్లలంటే కథలే కదా అని చాలామంది మొదటిదాన్నే పట్టుకుంటారు. గ్రహణం విషయంలో నా ఓటు మాత్రం దానికి కాదు.

ఎందుకంటే మాట్లాడే చందమామ ఏం చేసినా దానికి మనసులో ఒక కారణం ఉండాలి, అలిగో, ఆటపట్టించడానికో సూర్యుడికి అడ్డం రావాలి. పిల్లలకు చివరికి గుర్తుండేది ఆ అలకే. "ప్రతి అమావాస్యకీ చందమామ సూర్యుడి వైపే ఉంటాడు కదా, మరి నెలనెలా గ్రహణం ఎందుకు పట్టదు?" అని తెలివైన పిల్ల అడిగితే ఆ కథ దగ్గర జవాబు ఉండదు, ఈ నెల అలగలేదు అనుకోవాలి అంతే. అసలు జవాబేమో చంద్రుడు తిరిగే దారి భూమి తిరిగే దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం, అందుకే చాలా నెలలు చంద్రుడు మనకు సూర్యుడి కాస్త పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రాహువు మింగాడన్న కథ ఇంట్లో ఎలాగూ విని ఉంటారు, దాని మీద ఇంకో కథ కప్పితే వాళ్లకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

నేరుగా చెప్పడంలో కారణం చక్కగా చెప్పొచ్చు, కానీ ఇక్కడ చిక్కంతా బొమ్మల దగ్గర. పేజీలో పట్టాలి కాబట్టి సూర్యుడు, చంద్రుడు, భూమి జానెడు జానెడు దూరంలో వరసగా కూర్చుంటాయి. నిజం కొలతలు చూడండి: భూమి ఒక ఫుట్‌బాల్ అనుకుంటే చంద్రుడు టెన్నిస్ బంతి కన్నా కాస్త చిన్నగా, దాదాపు ఆరున్నర మీటర్ల దూరంలో ఉంటాడు, సూర్యుడేమో ఎనిమిదంతస్తుల మేడంత ఎత్తున రెండున్నర కిలోమీటర్ల అవతల. ఇది ఏ పేజీలోనూ పట్టదు, కాబట్టి బొమ్మ కిందే "ఇవి నిజం కొలతలు కావు" అని రాసి, పిల్లల చేతికి బంతులిచ్చి బడి మైదానంలోకి పంపాలి. చంద్రుడి కన్నా సూర్యుడు దాదాపు 400 రెట్లు పెద్ద, దాదాపు 400 రెట్లు దూరం కూడా, అందుకే రెండూ మనకు ఒకే సైజులో కనిపిస్తాయి. కన్ను మూసుకుని బొటనవేలితో దూరంగా ఉన్న వాటర్ ట్యాంకుని దాచి చూస్తే పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది (రెండో కన్ను తెరిచే ఉంచమని చెప్పడం మర్చిపోకండి).

ఇంకో గందరగోళం ఉంది, పెద్దవాళ్లలోనూ ఉంది. చందమామ రోజురోజుకీ తరగడం కూడా భూమి నీడ వల్లే అనుకుంటారు. గ్రహణం బొమ్మ చూపించి ఊరుకుంటే ఈ పొరపాటు ఇంకా గట్టిపడుతుంది, అందుకని చీకటి గదిలో ఒక బల్బు, చేతిలో ఒక బంతి పట్టుకుని తమ చుట్టూ తాము తిరిగే ఆట పుస్తకంలో తప్పకుండా పెట్టాలి. "ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ" లాంటివి మొదటి పేజీలోనే వేయనక్కర్లేదు, ముదురు నీడ, లేత నీడ అంటే చాలు.

మూడో దారి నాకు అన్నిటికన్నా ఇష్టం, మనవాళ్లు అంతగా వాడుకోనిది కూడా అదే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగుని పట్టకం లాంటి పరికరంలోంచి చూసి, ఇంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చని గ్రహించాడు, మర్నాడు నిజంగానే చూశాడు. గుంటూరు పిల్లకి ఈ సంగతి చెప్తే ఎంత ఉత్సాహం! అలాగే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్లింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జాపాల్-రంగాపూర్ వేధశాలలో దాన్ని పరిశీలించారు. ఆనాటి పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు, తాతయ్యలు, "ఆ రోజు మీరేం చేశారు?" అని అడిగి రాసుకోమని పుస్తకంలో రెండు ఖాళీ పేజీలు వదలొచ్చు. దీనికున్న లోటు ఒక్కటే, నీడ సంగతి ముందే తెలియని పిల్లలకు ఈ కథ సగమే అందుతుంది.

రాహువు కథని వెక్కిరించకూడదన్నది కూడా నాకు ముఖ్యం. నాయనమ్మకు ఏమీ తెలియదన్నట్టు రాస్తే పిల్లలు పుస్తకాన్నే దూరం పెడతారు. సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఆర్యభటుడు 499 నాటికే రాసిపెట్టాడు, ఆ ముక్క రాహువు కథ పక్కనే మర్యాదగా పెడితే సరిపోతుంది.

కల్పిత కథ ఎందుకూ పనికిరాదని కాదు. తాతయ్య చనిపోవడం, అమ్మానాన్న విడిపోవడం లాంటివి చెప్పాలంటే కథే మేలు, అక్కడ పిల్లలకు కావలసింది తమలాంటి ఇంకో బిడ్డ తోడు. గ్రహణానికి మాత్రం ముందు బంతులు, బల్బుతో నేరుగా, తర్వాత గుంటూరు కథ, ఇదే నా వరస. ఏ దారిలో రాసినా ఒక పేజీ పెద్ద అక్షరాల్లో ఉండాలి: సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, చలువ కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు, వేపచెట్టు నీడలో నేల మీద పడే వెలుగు చుక్కల్ని చూడండి, పాక్షిక గ్రహణం పట్టినప్పుడు అవన్నీ నెలవంకలుగా మారతాయి.