పీటర్స్‌బర్గ్‌లో గైడ్‌కి ఇచ్చిన 105 డాలర్లు

వర్జీనియాలో పీటర్స్‌బర్గ్ చూడాలనుకుంటే ప్రైవేటు గైడ్‌ని మాత్రం పెట్టుకోకండి. మనిషికి 35 డాలర్ల చొప్పున మా ముగ్గురి దగ్గరా తీసుకుని, రెండు గంటలన్నవాడు గంటంపావులో ముగించేశాడు. అది పోనీ అనుకున్నా, చెప్పకుండా దాటేసినవి తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

మేం వెళ్లిందే విలియం మహోన్ గురించి తెలుసుకోవడానికి. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 జులై 30న ఉత్తరాది సైన్యం సొరంగం తవ్వి 8,000 పౌండ్ల మందుగుండు పేల్చినప్పుడు, ఎదురుదాడి చేసి తమవాళ్ల పట్టు నిలబెట్టిన కాన్ఫెడరేట్ జనరల్ ఆయన, అంటే బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది పక్షం. గైడ్ ఆ వీరత్వం అరగంట చెప్పాడు. లొంగిపోయిన ఉత్తరాది నల్లజాతి సైనికులను ఆ రోజు మహోన్ మనుషులు చంపిన సంగతి ఎత్తనేలేదు. నేను అడిగితే "యుద్ధం కదా" అని ముందుకు నడిచాడు.

యుద్ధం తర్వాత మహోన్ ఏం చేశాడో అసలే చెప్పలేదు. అదే మహోన్, రాష్ట్రం అప్పు తగ్గించాలన్న రీఅడ్జస్టర్ పార్టీని నడిపించి, నల్లజాతి ఓటర్లను కలుపుకుని 1879లో వర్జీనియా శాసనసభ గెలిచాడు. 1881లో సెనేటరయ్యాడు. రాష్ట్రం పాత అప్పు తగ్గించి బడులకు డబ్బు పెట్టిందీ, ఓటేయాలంటే కట్టాల్సిన పన్ను ఎత్తేసిందీ, 1882లో నల్లజాతి విద్యార్థులకు కాలేజీ పెట్టిందీ ఆ పార్టీయే. ఆ కాలేజీయే ఇప్పటి వర్జీనియా స్టేట్ యూనివర్సిటీ, నది దాటితే వస్తుంది. 1883 ఎన్నికల ముందు డాన్‌విల్‌లో నల్లవాళ్లపై కాల్పులు జరిగాయి, పార్టీ ఓడిపోయింది. తోటి తెల్లవాళ్లు చాలామంది ఆయన్ని ద్రోహి అన్నారు. ఇంత కథ వదిలేసి ఏం చూపించినట్టు?

మా మామగారు గుంతకల్లులో రైల్వేలో చేసి రిటైరయ్యారు. మహోన్ యుద్ధానికి ముందు రైల్వే ఇంజనీరు. డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి నేల బురదలో చెట్ల దుంగలు పరిచి, వాటి మీద లైను వేశాడు. "ఆ లైను సంగతి అడుగు బాబూ" అని మామగారు నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉన్నారు. గైడ్‌కి తెలియదు. మామగారు ముఖం ముడుచుకుని కార్లో కూర్చున్నారు, మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

మర్నాడు యుద్ధభూమి పార్కుకి మేమే వెళ్లాం. పైసా టికెట్ లేదు. పార్కులో పనిచేసే రేంజరమ్మ మమ్మల్ని, ఆ పేలుడుకి పడి ఇప్పుడు గడ్డి మొలిచిన గుంత పక్కన నిలబెట్టి, నల్లజాతి రెజిమెంట్లు ఎటునుంచి వచ్చాయో, ఎక్కడ ఇరుక్కుపోయాయో చేత్తో చూపిస్తూ చెప్పింది. 1927లో పెట్టిన మహోన్ స్మారకం దగ్గర ఆపి, ఆయన రాజకీయాలూ చెప్పింది. దుంగల లైను గురించి అడిగితే మామగారితో పావుగంట మాట్లాడింది, తర్జుమా చేయలేక మా ఆవిడ అలిసిపోయింది.

బస మాత్రం రిచ్‌మండ్‌లో పెట్టుకోండి, అరగంట దారి. పీటర్స్‌బర్గ్‌లో హైవే పక్క మోటెల్‌కి మేం 94 డాలర్లు కట్టాం, వేడినీళ్లు రాలేదు.